సున్నాలో సగం

నత్తలమెరక వ్యవసాయ యంత్ర మరమ్మతు కేంద్రంలో పదకొండేళ్లుగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఆ సంగతే ఒకనాటికి కేంద్రం కొంప ముంచుతుందని అక్కడి పెద్ద మెకానిక్కు మట్టపర్తి ధనకోటి కలలో కూడా అనుకోలేదు.

ధనకోటికి యాభై మూడేళ్లు. గోదావరి జిల్లాల్లోకి వరికోత మిషన్లు కొత్తగా దిగుతున్న రోజుల్లోనే వాటి పొట్టలోకి దూరడం నేర్చుకున్నవాడు. అతని ఎడమచేతికి చిటికెనవేలూ ఉంగరపువేలూ సగం సగమే ఉంటాయి. మిగతా సగాలు పంతొమ్మిదేళ్ల కిందట, ఈ ఉద్యోగంలో చేరకముందు, ఎవరిదో ప్రైవేటు షెడ్డులో నూర్పిడి మిషను బెల్టు కింద పోయాయి. అప్పటినుంచీ అతనికో పట్టుదల. మిషను మీద చెయ్యి వేసేముందు ఇంజను ఆపాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి, పైకెత్తిన భాగం కింద దుంగ పెట్టాలి. ఆ మూడూ అయ్యేదాకా కలెక్టరుగారు వచ్చినా పక్కన నిలబడాల్సిందే. షెడ్డులో ఉన్న మిగతా నలుగురికీ తిట్టి తిట్టి ఆ అలవాటే చేశాడు.

కార్తీకమాసంలో, కోతలు మొదలైన వారానికి, పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఉపసంచాలకులు పరిపూర్ణానందం గారు ధనకోటిని గదిలోకి పిలిపించారు. ఆయన గదికీ షెడ్డుకీ మధ్య నలభై అడుగులు. బూట్లకి గ్రీజు అంటుతుందని, వచ్చిన ఏడు నెలల్లో ఆయన ఆ నలభై అడుగులు ఒక్కసారీ వేసి ఎరగరు.

"చదువుతున్నాను, శ్రద్ధగా ఆలకించు" అన్నారాయన. "సాంకేతిక సిబ్బందికి పనిచోట జరుగు ప్రమాదములు నవంబరు పదిహేను లోపల ఎన్ని జరిగినవో, ఆ పిమ్మట అందులో సగమునకు తగ్గవలెను. తగ్గించి చూపని కేంద్రముల విషయము తీవ్రముగా పరిగణింపబడును. అర్థమైందా? మనకు ఇంతవరకు ప్రమాదాలు ఎన్ని?"

"లేవండి."

"లేవు అనరాదు. సున్నా అనవలెను. సున్నాలో సగం ఎంత?"

ధనకోటి కాసేపు ఆలోచించాడు. లెక్కలో ఏదో మెలిక ఉందనిపించింది కానీ దొరకలేదు. "సున్నాయేనండి."

"అనగా తగ్గలేదు!" ఆయన బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. "పక్క జిల్లా వాళ్లను చూడు. ఇప్పటికే పద్నాలుగు ప్రమాదాలు పూర్తి చేసుకున్నారు. రేపు ఏడుకి తగ్గించి ప్రశంసాపత్రం పుచ్చుకుంటారు. ఒకాయనకి కాలు విరిగిందిట. ఎంత దూరదృష్టి! మీరేమో పదకొండేళ్లుగా ఏమీ చెయ్యకుండా కూర్చున్నారు."

"పని చేత్తానే ఉన్నామండి."

"పని వేరు, ప్రగతి వేరు."

గది మూల ఫైళ్ల వెనక కూర్చున్న సీనియర్ అసిస్టెంటు వరహాలమ్మ గారు తల ఎత్తారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆవిడకు తెలియని నిబంధన లేదు. "పదిహేను లోపల కనీసం రెండు ప్రమాదాలు కావాలండి" అన్నారు. "ఒక్కటైతే కుదరదు. సగం ప్రమాదం ఎలా జరపాలో మాన్యువల్లో లేదు."

ధనకోటికి జాలేసింది. ఎడమచెయ్యి ముందుకు చాపాడు. "ఇయ్యేమన్నా పనికొత్తాయేమో చూడండి. రెండున్నాయి."

వరహాలమ్మ గారు కళ్లజోడు సవరించుకుని వేళ్లను పరీక్షగా చూశారు. "ఇవి ఉద్యోగంలో చేరకముందు పోయినవి. ప్రైవేటు వేళ్లు. ప్రభుత్వానికి చెల్లవు."

ధనకోటి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ వేళ్లు పోయిననాడు ఏడ్చాడు కానీ, ఇంత అవమానం మాత్రం పడలేదు.

పరిపూర్ణానందం గారు చెడ్డమనిషి కాదు. ప్రమాదం పేరుతో ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే ఎలా అని ఆయనకు రాత్రంతా దిగులు. అందుకని తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చారు. ప్రమాదాలు జరగాలి, కానీ సురక్షితంగా జరగాలి. అలా జరపడం చేతకావాలంటే శిక్షణ ఉండాలి. పట్నం నుంచి లోహిత్ అనే శిక్షకుణ్ణి పిలిపించి, షెడ్డుకి తాళం వేయించి, సిబ్బంది మొత్తాన్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. గుమ్మానికి బ్యానరు కట్టారు: "సురక్షిత ప్రమాద సాధన శిక్షణా శిబిరం".

బ్యానరు కడుతూండగానే వాసంశెట్టి మంగాయమ్మ వచ్చింది. ఆవిడ నాలుగెకరాలు కౌలుకి చేస్తుంది. కేంద్రం వాళ్ల కోత మిషనే అద్దెకి తీసుకెళ్తే, అరెకరం కోసి చేలో ఆగిపోయింది.

"లోపల ఏదో కీసుమని అరిసి ఆగిపోయిందండి, మాడు కంపు కూడా కొట్టింది" అని చెప్పింది ధనకోటితో.

"బేరింగు పోయుంటదమ్మా. గంటలో చేసేత్తాను" అని అతను సంచీ అందుకోబోయాడు.

వరహాలమ్మ గారు అడ్డం వచ్చారు. "సాంకేతిక సిబ్బంది శిక్షణలో ఉన్నారమ్మా."

"ఎన్నాళ్లండి?"

"ప్రమాదం జరిగేదాకా."

మంగాయమ్మ ఒకసారి బ్యానరు వైపు, ఒకసారి ఆకాశం వైపు చూసింది. "బంగాళాఖాతంలో అల్పపీడనం అంటన్నారండి. సేను పడిపోతే మరి లెగదు" అంది. ఆ మాట రాసుకోవడానికి వరహాలమ్మ గారి రిజిస్టరులో గడి లేదు.

శిక్షణ పద్ధతిగా మొదలైంది. లోహిత్ మర్యాదస్తుడైన కుర్రవాడు. అందరికీ హెల్మెట్లు, చేతి తొడుగులు, పచ్చ కోట్లు ఇచ్చాడు. తరవాత తలా ఒక దరఖాస్తు ఇచ్చాడు. ప్రమాదం జరపదలచిన తేదీ, సమయం, శరీర భాగం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ప్రమాదానికి మూడు రోజుల ముందు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా దెబ్బ తగిలించుకుంటే క్రమశిక్షణా చర్య.

ధనకోటికి 'ఉలి మీద సుత్తి గురి తప్పి బొటనవేలికి తగులుట' కేటాయించారు. వెల్డింగు చేసే దీవెనకి 'నూనెలో కాలు జారుట'. 

ముందు దీవెన వంతు. హాల్లో నేల మీద అరలీటరు పాత ఇంజనాయిలు పోసి నడవమన్నారు. దీవెన అలవాటు కొద్దీ మూలనున్న ఊకబస్తా లాగి నూనె మీద చల్లేసింది.

"ఊక ఎందుకు వేశారు?" అన్నాడు లోహిత్.

"జారతారనండి."

"జారాలి మేడం!"

మళ్లీ పోశారు. ఈసారి పక్కనున్నవాడు చల్లాడు. మూడోసారి ఊకబస్తా బయట పెట్టించి నూనె పోస్తే, దీవెన చీపురు తెచ్చింది.

ధనకోటి సంగతి మరీ ఘోరం. ఉలి పట్టుకుని సుత్తి ఎత్తాడు. బొటనవేలి మీదే వెయ్యాలని గట్టిగా అనుకున్నాడు. దెబ్బ తిన్నగా వెళ్లి ఉలి నెత్తిన పడింది. రెండోసారీ అంతే. కళ్లు మూసుకుని కొట్టమన్నారు. కళ్లు మూసుకుని కొట్టినా ఉలి మీదే పడింది. సాయంత్రానికి ఉలి కిందనున్న చెక్క రెండుగా చీలింది కానీ వేలికి గీత పడలేదు. లోహిత్ అతని కాగితం మీద "నేర్చుకునే ఆసక్తి లేదు" అని రాశాడు. ధనకోటి సిగ్గుతో తల దించుకున్నాడు. పనిలో ఎవరిచేతా ఆ మాట అనిపించుకోలేదు మరి.

రెండో రోజు లోహిత్ తనే చేసి చూపిస్తానన్నాడు. హాల్లో జాగ్రత్త కోసమని అడ్డంగా కట్టిన పచ్చ రిబ్బను దగ్గరికి వెళ్లి, "ఇక్కడ రిబ్బను ఉంది కాబట్టి ఎవరూ పడరు" అంటూ వెనక్కి అడుగేసి, ఆ రిబ్బనుకే కాలు తగిలి వెల్లకిలా పడ్డాడు. మడమ బెణికింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

వరహాలమ్మ గారు రిజిస్టరు తిరగేశారు. "ఈయన సాంకేతిక సిబ్బంది కాదు. రోజుకూలీ ప్రాతిపదికన వచ్చిన శిక్షకులు. చెల్లదు."

చప్పట్లు ఆగిపోయాయి. ఈ వార్త విని పరిపూర్ణానందం గారు స్వయంగా హాల్లోకి వచ్చారు. "నిప్పు ఆర్పే సిలిండరు ఎట్లు ఉపయోగించవలెనో నేను చూపెదను" అని దాన్ని ఎత్తి కాలి మీద పడేసుకున్నారు. కుంటుతూ కుర్చీలో కూర్చోబోతే కుర్చీ వెనక్కి పోయింది. లేవడానికి అలమరా పట్టుకుంటే పైనున్న పదహారు హెల్మెట్లు ఒకదాని వెనక ఒకటి నెత్తిన పడ్డాయి. మొత్తం నిమిషమున్నర పట్టింది.

"మూడు!" అని అరిచింది దీవెన.

"అధికారి" అన్నారు వరహాలమ్మ గారు విచారంగా. "చెల్లవు."

అందరూ పరిపూర్ణానందం గారి వైపు కొత్త గౌరవంతో చూశారు. పదకొండేళ్లుగా ఆ కేంద్రంలో లేని ప్రతిభ ఆయనలో ఉంది, కానీ తప్పుడు పోస్టులో ఉంది. వరహాలమ్మ గారు ఒక రాత్రి, ఒక పగలు ఆలోచించి, పదమూడో తేదీ సాయంత్రం ఒక ఉత్తర్వు రాసి తెచ్చారు.

"ప్రజాప్రయోజనముల దృష్ట్యా, శ్రీ పరిపూర్ణానందం, ఉపసంచాలకులు, రేపటి ఉదయం నుండి మూడవ తరగతి సాంకేతిక సహాయకునిగా నియమింపబడిరి. సదరు సహాయకుడు పెద్ద మెకానిక్కు ఆదేశములకు బద్ధుడై మెలగవలెను."

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. "రేపు రెండు ప్రమాదాలు నిర్వహించి, ఎల్లుండి నా స్థానానికి నేను వచ్చేస్తాను. భేష్" అని ఉపసంచాలకులుగా సంతకం చేసి, సహాయకుడిగా అందుకున్నట్టు కింద మరో సంతకం చేశారు.

పద్నాలుగో తేదీ ఉదయం ఆయన కొత్త ఖాకీ బట్టల్లో, ఇస్త్రీ మడత నలక్కుండా, షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. పక్కన నోటుపుస్తకంతో వరహాలమ్మ గారు.

"ఎక్కడ పడమంటావు?" అని అడిగారు ధనకోటిని.

ధనకోటి జవాబు చెప్పేలోగా మంగాయమ్మ పరిగెత్తుకొచ్చింది. తూర్పున ఆకాశం చిక్కబడి ఉంది. "మద్దేనానికే వాన అంటన్నారండి బాబూ. మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి వచ్చి సూడండి" అంది. నాలుగు రోజులుగా తిరుగుతున్న మనిషి. కళ్లు పీక్కుపోయాయి.

ధనకోటి ఆవిణ్ణి చూశాడు. ఉత్తర్వు చూశాడు. 'ఆదేశములకు బద్ధుడై' అన్న మాట దగ్గర కాసేపు ఆగాడు. జీవితంలో ఒక ఆఫీసరుకి ఆదేశం ఇస్తానని అతను అనుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఎల్దాం పదండి."

"ఎక్కడికి?"

"సేలోకండి. పనిచోట జరిగే ప్రమాదాలని గదండీ కాయితంలో ఉంది? ఈ షెడ్డులో మిషన్లన్నీ ఆగున్నాయి. ఆగిన మిషను ఎవర్నీ ఏం చెయ్యదండి."

సహాయకుడికి ఆ తర్కం నచ్చింది. తాళాలు తీయించి, కొత్త బేరింగు, బెల్టు, పానాల సంచీ, దీవెన, వరహాలమ్మ గారి గొడుగు, అన్నీ ట్రాక్టరు తొట్టిలో ఎక్కించుకుని బయల్దేరారు.

చేలో మోకాలిలోతు బురద. పదో అడుగులోనే పరిపూర్ణానందం గారి బూటు ఒకటి ఊడిపోయింది, ఇరవయ్యో అడుగులో రెండోది. వెతకడానికి టైము లేదు. మిషను తాళం తీసి ధనకోటి జేబులో వేసుకున్నాడు, దుంగ పెట్టాడు, కిందకి దూరాడు.

"పంతొమ్మిదో నంబరు పానా ఇప్పించండి సార్" అన్నాడు.

పదిహేడో నంబరు వచ్చింది.

"పంతొమ్మిదండి."

ఇరవైరెండు వచ్చింది. పని జరిగినకొద్దీ ధనకోటి మాటల్లోంచి మొదట 'సార్' రాలిపోయింది, తరవాత 'అండి' రాలిపోయింది. చివరికి "ఇటివ్వు", "పట్టుకో", "అదికాదు, పక్కది" మాత్రం మిగిలాయి. విచిత్రమేమంటే, అండి రాలిపోయినకొద్దీ పరిపూర్ణానందం గారు సరైన పానాలు ఇవ్వసాగారు. గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ వరహాలమ్మ గారు ప్రతి పది నిమిషాలకీ "ఏమైనా జరిగిందా?" అని కేకేస్తూ ఉన్నారు.

గంటన్నరకి బేరింగు కూర్చుంది, బెల్టు ఎక్కింది. అందర్నీ దూరం జరగమని, పరీక్ష చూడ్డానికి తాళం దీవెనకి ఇచ్చాడు ధనకోటి. ఆమె సీటు మీదెక్కి ఇంజను వేసింది. బెల్టు హోరుమని తిరిగింది. మంగాయమ్మ చేతులు జోడించింది.

అప్పుడే బెల్టు పక్కన ఒక గడ్డిపరక చిక్కుకుని రెపరెపలాడింది. అంత బాగా జరిగిన పనికి అదొక్కటీ లోపంగా అనిపించింది పరిపూర్ణానందం గారికి. ఆ క్షణంలో ఆయన సర్క్యులరూ మర్చిపోయారు, ప్రమాదమూ మర్చిపోయారు. ఉత్త శుభ్రత కోసం చెయ్యి చాపారు.

"చెయ్యి తియ్యరా!"

ఆ అరుపుకి పక్క చేలో కొంగలు లేచిపోయాయి. ధనకోటి ఎడమచెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు. దీవెన ఇంజను ఆపేసింది. ఖాకీ చొక్కా చేతి అంచు బెల్టులో చిక్కి చిరిగిపోయి, పీలిక ఒకటి పుల్లీకి వేలాడుతోంది.

పరిపూర్ణానందం గారు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఐదు వేళ్లూ ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టుకున్నారు.

"గడ్డిపరక తీద్దామనుకున్నాను. అంతే" అన్నారు.

"నేనూ అంతేనండి" అన్నాడు ధనకోటి. అతని సగం వేళ్లు ఇంకా ఆయన మణికట్టు మీదే ఉన్నాయి. "నేనూ గడ్డిపరకే తీద్దామనుకున్నాను."

ఆయన ఆ వేళ్లను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఏమైనా జరిగిందా?" అని గట్టు మీదనుంచి కేక.

"లేదు!" అని అరిచారు పరిపూర్ణానందం గారు. ఏడు నెలల్లో ఆయన సున్నా అనకుండా లేదు అనడం అదే మొదలు. తరవాత నెమ్మదిగా ధనకోటి వైపు తిరిగి, "తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగారు.

ధనకోటి దీవెన దగ్గర తాళం తీసుకుని ఆయన బురద జేబులో వేశాడు. అప్పుడాయన వెళ్లి, ఆగిన బెల్టు పక్కనుంచి ఆ గడ్డిపరక తీసేశారు.

చినుకు మొదలయ్యేసరికి మూడెకరాల చిల్లర కోత పూర్తయింది. ధాన్యం తొట్టికెక్కింది. ఆఖరి మూల కాస్త తడిసింది కానీ, మంగాయమ్మ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. టార్పాలిన్ కింద అందరికీ టీ పోసి, బురదలో ముద్దయిపోయిన పరిపూర్ణానందం గారిని చూపించి ధనకోటిని అడిగింది: "కొత్తోడాండీ?"

"ఆయ్. ఇయ్యాలే చేరాడండి."

"పరవాలేదులే నాయనా" అందావిడ ఆయనతో, గ్లాసు నింపుతూ. "మెల్లిగా వచ్చేత్తది పని."

పదిహేనో తేదీ గడిచిపోయింది. ప్రమాదాలు జరగలేదు. పదహారున పరిపూర్ణానందం గారు తన కుర్చీలోకి వెళ్లబోతే వరహాలమ్మ గారు ఆపారు. ఉత్తర్వులో ఎప్పటినుంచి అని ఉంది కానీ ఎప్పటిదాకా అని లేదు. రద్దు చెయ్యాలంటే ఉపసంచాలకుల సంతకం కావాలి. ఉపసంచాలకులు మొన్నటినుంచి మూడో తరగతి సహాయకులు. కాబట్టి ఆ పోస్టు ఖాళీ. ఖాళీ అయినప్పుడు కేంద్రంలో ఎక్కువ సర్వీసు ఉన్న శాశ్వత ఉద్యోగి బాధ్యత తీసుకోవాలి.

"మీదే కదండీ ఎక్కువ సర్వీసు?" అన్నాడు ధనకోటి భయంగా.

"నాది డిప్యుటేషను" అన్నారు వరహాలమ్మ గారు. "లెక్కకు రాదు."

అలా ధనకోటి ఇన్‌ఛార్జి ఉపసంచాలకుడయ్యాడు. కుర్చీలో కూర్చోలేదు, ప్యాంటుకి గ్రీజు ఉంది, పాపం కుర్చీ పాడవుతుందని. నెలాఖరుకి పైనుంచి మెమో వచ్చింది. పదిహేను లోపల ఒక్క ప్రమాదమైనా నమోదు చెయ్యనందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఏం రాయాలని వరహాలమ్మ గారు అడిగితే, జరిగిందే రాయమన్నాడు. ఆవిడ తన భాషలో రాశారు: "సిబ్బంది యావత్తు పనిలో నిమగ్నమై ఉన్నందున ప్రమాదములకు తీరిక చిక్కలేదని మనవి."

ఆ వారమే ఆవిడ రద్దు ఉత్తర్వు టైపు చేసి సంతకానికి తెచ్చారు. ధనకోటి చేతులు తుడుచుకుని, కాగితం పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు. వాన వెలిసింది కదా, ఊళ్లన్నింటి మిషన్లూ ఒక్కసారి వచ్చిపడ్డాయి. గుమ్మం దాకా వరస ఉంది. ఒక మిషను కిందనుంచి బూట్లు లేని రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

ధనకోటి వంగాడు. "సార్, ఇక్కడ నేను సంతకం పెట్టేత్తే మీరు మళ్లీ మా ఆపీసరైపోతారండి. పెట్టేయమంటారా?"

కింద చప్పుడు ఆగింది.

"ఇంకా ఎన్ని మిషన్లున్నాయి?"

"తొమ్మిదండి."

గ్రీజు పట్టిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి, వేళ్లు చాపి నిలబడింది.

"పద్నాలుగో నంబరు పానా ఇలా అందివ్వండి."

ధనకోటి కాగితం మడిచి పైజేబులో పెట్టుకుని పానా అందించాడు. వెనకాలే వచ్చిన వరహాలమ్మ గారు కలం తీసి, ఫైలు పెండింగులో ఉండటానికి కారణం ఏమని రాయమంటారని అడిగారు.

"ఉన్నదే రాయండమ్మా" అన్నాడు ధనకోటి. "సంబంధిత అధికారి మిషను కింద ఉన్నారు."